అడవిపందికి ఏ తూటా? వేగం కాదు, లోతు చూడండి

పల్లికి ఊడలు దిగి కాయ పట్టిన దగ్గర్నుంచి, మక్క కంకిలో పాలు చేరిన దగ్గర్నుంచి అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ, చందంపేట వైపు చేన్లలో రాత్రి కాపలా తప్పదు. అడవిపందుల మంద దిగిన చెల్క తెల్లారేసరికి నాగలి పెట్టి దున్నినట్టు కనిపిస్తుంది. అనుమతి తీసుకుని వీటిని కాల్చే లైసెన్సుదారులు తుపాకీ గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. అందులో పెట్టే తూటా దగ్గరికి వచ్చేసరికి మాత్రం దుకాణంలో ఏది ఉంటే అది తెచ్చుకుంటారు. పంది అక్కడికక్కడే పడుతుందా, గాయంతో తుమ్మపొదల్లో దూరి రెండు రోజులు బాధపడి చస్తుందా అన్నది తేల్చేది చాలావరకు ఆ తూటానే.

ఇంటర్నెట్‌లో వెతికితే దొరికేదంతా అమెరికాలో జింక వేటకు రాసిన సలహా. అక్కడి తెల్లతోక జింకది పలుచని చర్మం, సన్నని పక్కటెముకలు. దానికోసం చేసిన బుల్లెట్ తగలగానే గబుక్కున విచ్చుకోవాలి, అలాగే చేస్తారు. అదే బుల్లెట్ నూరు కిలోలు దాటిన మొగపంది భుజానికి తగిలితే పైపైన చిట్లి అక్కడే ఆగిపోవచ్చు. పైగా మన దగ్గర జింకను కాల్చే మాటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. పంటను పాడుచేసే జంతువు విషయంలో 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతిస్తేనే కాల్చాలి. కాగితంలో పంది అని ఉంటే పందే. పక్క మడిలో దుప్పులు మేస్తున్నా వాటి జోలికి పోకూడదు. చచ్చిన పంది 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి కాబట్టి అటవీ సిబ్బందికి చూపించి వాళ్లు చెప్పినట్టు పూడ్చాలి. వాటాలు వేసుకుంటే కేసు అవుతుంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వు హద్దు లోపల ఈ అనుమతి చెల్లదు, అక్కడ తుపాకీ తీసే ఆలోచనే వద్దు.

తూటా ఎంచాలంటే ముందు పంది ఒళ్లు తెలియాలి. దాని గుండె చాలా కిందికి, ముందు కాళ్ల మధ్యన, మోచేతి ఎత్తులో ఉంటుంది. ఊపిరితిత్తులు జింకకన్నా ముందుకు జరిగి భుజం చాటున ఉంటాయి. జింకకు చెప్పే "భుజం వెనక కొట్టు" అన్న లెక్క పందికి పెడితే గుండు కాలేయంలోనో పొట్టలోనో పడుతుంది. సరిగ్గా పక్కకు తిరిగి నిలబడ్డ పందికైతే ముందు కాలి మీదుగా నిలువు గీత ఊహించుకుని, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర గురి పెట్టాలి. పైన కనిపించే ఎత్తులో చాలా భాగం జూలు, కొవ్వు, పూసల మీది ముళ్లే. అసలు వెన్ను భుజాల మధ్య మనం అనుకున్నదానికన్నా కిందికి వంగి ఉంటుంది. బుల్లెట్ ఆ ముళ్లకు తగిలితే పంది దబ్బున కూలుతుంది. పడింది కదా అని దగ్గరికి పోయేలోపే లేచి పోతుంది, లేదా మీదికి వస్తుంది.

ముదురు మొగపందికి భుజం మీద చర్మం కింద గట్టి నారపొర పెరుగుతుంది. ఒకదాన్నొకటి కోరలతో పొడుచుకున్నప్పుడు కాపాడేది అదే. వయసుతో మందమవుతూ పోతుంది, రెండు మూడు సెంటీమీటర్లు మామూలే. దాని మీద ఇసుక కలిసి ఎండిన బురద పూత ఉంటుంది. బుల్లెట్ ఈ పూత, ఈ పొర, భుజం ఎముక, పక్కటెముకలు దాటుకుని రెండు ఊపిరితిత్తుల్లోంచి పోవాలి. అంటే సుమారు అడుగు లోతు. నేను తూటాకు పెట్టే మొదటి పరీక్ష ఇదే, వేగం సంగతి తర్వాత.

ఇక బుల్లెట్ రకాలు. (తూటా అంటే డొల్ల, మందు, బుల్లెట్ కలిసిన మొత్తం. బుల్లెట్ అంటే నాళంలోంచి ఎగిరిపోయే ముక్క.) ముక్కుదాకా రాగి తొడుగు మూసేసినది ఫుల్ మెటల్ జాకెట్. అది విచ్చుకోదు. పందిలో సన్నని రంధ్రం చేసి అవతలికి వెళ్లి, ఊపు తగ్గకుండా పక్క చేను దాకా పోతుంది. పంది చావడానికి చాలాసేపు పడుతుంది, రక్తపు జాడ కూడా సరిగా పడదు. చేన్ల మధ్య ఈ రకం అసలు వాడొద్దు. సాఫ్ట్ నోస్‌లో ముక్కు దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది. తగలగానే ఆ సీసం వెనక్కి మడిచుకుని బుల్లెట్ వెడల్పు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు అవుతుంది. వెడల్పాటి గాయం చేస్తుంది, దారిలో ఊపు ఖర్చవుతుంది. మన పనికి ఇదే ఆధారం. ముక్కున ప్లాస్టిక్ మొన ఉన్నవి, బోలుగా ఉన్నవి ఇంకా త్వరగా విచ్చుకుంటాయి. 20, 30 మీటర్ల దగ్గర బుల్లెట్ పూర్తి వేగంతో ఉన్నప్పుడు ఇవి నారపొర మీదే ముక్కలైపోయే ప్రమాదం ఎక్కువ. మన మంచెల దూరం అదే కాబట్టి వీటిని నేను పక్కన పెడతాను.

లోతుకోసమే ప్రత్యేకంగా చేసిన బుల్లెట్లూ ఉన్నాయి. మధ్యలో రాగి గోడ కట్టి ముందు సగం విచ్చుకున్నా వెనక సగం గట్టిగా నిలిచేది నోస్లర్ పార్టిషన్, 1948 నుంచి వస్తోంది. సీసాన్ని తొడుగుకు అతికించినవి బాండెడ్. సీసమే లేకుండా మొత్తం రాగితో చేసినవి బార్న్స్ కంపెనీ 1989లో తెచ్చింది. దిగుమతి సరుకు దొరికి, మీ లైసెన్సు ఒప్పుకుని, ధర భరించగలిగితే .30-06 రైఫిల్‌కు ఈ మూడింటిలో ఏదైనా మంచిదే. ఒక్క హెచ్చరిక: మొత్తం రాగి బుల్లెట్ విచ్చుకోవడానికి వేగం కావాలి. తగిలే చోట సెకనుకు సుమారు 1,800 నుంచి 2,000 అడుగులు లేకపోతే ముడుచుకునే ఉండి ఫుల్ మెటల్ జాకెట్ లాగే పోతుంది. నెమ్మదిగా పోయే తూటాకు అది నప్పదు.

మన వైపు లైసెన్సు రైఫిళ్లలో తరచూ కనిపించేది .315. రైఫిల్ సర్కారు ఫ్యాక్టరీలది, దాని తూటా పుణె దగ్గర ఖడ్కిలో తయారైంది. డొల్ల అడుగున కె.ఎఫ్. అని ఉంటుంది. 2021 అక్టోబరు 1 నుంచి ఆ ఫ్యాక్టరీ మునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చింది. బుల్లెట్ 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 15.8 గ్రాములు, గుండ్రని ముక్కు. వేగం సెకనుకు సుమారు 2,000 అడుగులు. కాగితం మీద ఈ అంకెలు పేలవంగా ఉంటాయి. .30-06లో 180 గ్రెయిన్ల బుల్లెట్ 2,700 అడుగుల వేగంతో పోతుంది మరి. కానీ పంది భుజం దగ్గర .315 అనుకున్నదానికన్నా బాగా పనిచేస్తుంది. బుల్లెట్ బరువైనది, పొడవైనది, వేగం మితం, కాబట్టి చిట్లిపోకుండా మెల్లగా విచ్చుకుంటూ లోపలికి దిగుతుంది. సాఫ్ట్ నోస్ మాత్రమే అడగండి, పెట్టె మీద రాసింది నమ్మి ఊరుకోకుండా ఒక తూటా తీసి ముక్కు చూడండి.

.315కు హద్దు దూరం. నూరు మీటర్ల దగ్గర గురి సరిచేసిన ఈ రైఫిల్ రెండు వందల దగ్గర సుమారు పది అంగుళాలు కిందికి కొడుతుంది. గుండెకు పెట్టిన గురి కాలికి తగులుతుందన్నమాట. అక్కడికి చేరేసరికి వేగం కూడా 1,600 అడుగుల దగ్గరికి పడిపోయి బుల్లెట్ సరిగా విచ్చుకోదు. దుర్బీను లేని ఓపెన్ సైటుతో, రాత్రి వెలుతురులో, 80 మీటర్లు దాటితే కాల్చకపోవడమే నయం.

.30-06 ఉన్నవాళ్లు 150 గ్రెయిన్ల బుల్లెట్ వైపు మొగ్గుతారు, వేగం ఎక్కువ కనుక. పందికి 180 తీసుకోండి. ఒకే వెడల్పున్న రెండు బుల్లెట్లలో బరువైనదానికి చొచ్చుకుపోయే గుణం ఎక్కువ. దాన్ని కొలిచే సెక్షనల్ డెన్సిటీ 150 గ్రెయిన్లకు 0.226, 180కి 0.271. వంద మీటర్ల లోపు ఈ రెండూ కిందికి దిగే దూరంలో తేడా అంగుళంలో చిన్న భాగం, లోతులో తేడా మాత్రం పంది మీద తేలిపోతుంది. .22 రైఫిల్ గురించి అడిగేవాళ్లకు ఒకటే మాట: 40 గ్రెయిన్ల గుండు, దాదాపు 140 జౌళ్ల శక్తి. పందిని గాయపరచడానికి తప్ప పనికిరాదు.

నిజానికి మన చేన్లలో ఎక్కువ పని చేసేది పన్నెండు బోర్, అంటే ఒక్క తూటాలో చాలా గుండ్లు చిమ్మే తుపాకీ. తప్పులు జరిగేదీ దీనితోనే, కనుక కాస్త వివరంగా చెబుతాను. పిట్టలకు వాడే 4, 6 నంబర్లు, బీబీ వంటివి పంది చర్మంలో ఇరుక్కుంటాయి, అంతే. పెద్ద గుండ్లలో ఎస్.జి. అనేవి ఔన్సుకు 8, ఒక్కోటి 8.4 మిల్లీమీటర్లు. ఎల్.జి. ఔన్సుకు 6, ఒక్కోటి 9.1 మిల్లీమీటర్లు, బరువు 4.7 గ్రాములు. ఈ రెండింటిలో ఎల్.జి. మేలు. గుండ్రటి సీసపు గుండుకు గాలిలో ఊపు త్వరగా తగ్గుతుంది. చిన్న గుండుకు ఇంకా త్వరగా. నాళం మూతి దగ్గర ఎల్.జి. గుండు ఒక్కోదానికి మూడు వందల జౌళ్ల పైన శక్తి ఉన్నా, దూరం పెరిగే కొద్దీ రెండు దెబ్బలు తగులుతాయి: ఒక్కో గుండు బలం తగ్గుతుంది, గుండ్లు విడిపోయి గుండె చోట పడేవి తగ్గుతాయి. 25 మీటర్లు దీనికి హద్దు అనుకోండి. నలభై మీటర్ల దగ్గర ఎల్.జి. కాల్చి "తగిలింది, పోయింది" అనే పందుల్లో చాలా వరకు రెండు మూడు గుండ్లు పొట్టలో మోసుకుని పోయినవే.

ఆ హద్దు కూడా మీ తుపాకీని బట్టి మారుతుంది, అందుకే అనుమతి ఉన్న రేంజిలో పరీక్షించాలి. 25 మీటర్ల దూరంలో పెద్ద అట్ట నిలబెట్టి మధ్యలో 25 సెంటీమీటర్ల వలయం గీయండి, పంది గుండె, ఊపిరితిత్తుల చోటు దాదాపు అంతే. ఆరు ఎల్.జి. గుండ్లలో కనీసం నాలుగు ఆ వలయంలో పడితే ఆ నాళం, ఆ తూటా జోడీ పనికొస్తుంది. రెండే పడితే 15 మీటర్లకు దగ్గరపడండి, లేదా తూటా మార్చండి. జంట నాళాల తుపాకీలో సాధారణంగా ముందు ట్రిగ్గర్‌కు కుడి నాళం, అది వదులు చోక్ (చోక్ అంటే మూతి దగ్గర నాళం ఇరుకయ్యే తీరు). వెనకదానికి ఎడమ నాళం, అది బిగువు చోక్. బిగువుదే బాగా కొడుతుందని అందరూ అనుకుంటారు. పెద్ద గుండ్లు బిగువు చోక్‌లో ఒకదాన్నొకటి నొక్కుకుని సొట్టలు పడి చెదిరిపోవచ్చు, వదులు నాళంలోనే దగ్గరగా పడవచ్చు. రెండూ విడివిడిగా కాల్చి చూస్తేనే తెలుస్తుంది.

తాతల నాటి తుపాకీ అయితే చాంబర్ (నాళం వెనక తూటా కూర్చునే చోటు) పొడవు చూడకుండా తూటా కొనకండి. పాత ఇంగ్లీషు తుపాకులు చాలా వరకు 65 మిల్లీమీటర్లవి. అందులో 70 మిల్లీమీటర్ల తూటా నిక్షేపంగా పడుతుంది, అదే ప్రమాదం. ఆ పొడవు కాల్చి విచ్చుకున్న డొల్లది. మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. నాళం మీద మెలికల గీతలు కనిపించే డమాస్కస్ తుపాకీని గోడకే ఉంచండి.

ఒకే పెద్ద సీసపు ముద్ద ఉండే స్లగ్ దొరికితే పన్నెండు బోర్‌లో అదే అన్నిటికన్నా లోతుకు పోతుంది. ఔన్సు బరువు, పూస సైటుతో 40, 50 మీటర్ల దాకా నమ్మకంగా కొట్టవచ్చు. వదులు చోక్ నాళంలోనే వాడండి. నాళం వెడల్పున్న గుండ్రటి బాల్ తూటాను బిగువు చోక్‌లోంచి కాలిస్తే నాళం ఉబ్బవచ్చు, చీలవచ్చు. ఇంట్లో మైనం పోసి గుండ్లు అతికించడం, తూటా కోసి మళ్లీ నింపడం వంటివి కొందరు చేస్తారు, దయచేసి చేయొద్దు. నాటు బాంబులు, కరెంటు తీగలు ఇంకా ఘోరం. ఆ తీగలకు పందికన్నా ముందు పక్క చేను రైతు బలవుతున్నాడు.

బుల్లెట్ పందిలో ఏం చేస్తుందన్నది సగం సంగతి, పంది దాటాక ఎక్కడికి పోతుందన్నది మిగతా సగం. నల్లగొండ, మహబూబ్‌నగర్ నేలల్లో చెల్క మధ్యలోనే నల్లరాతి బండలు పైకి తేలి ఉంటాయి. బండకు తగిలిన బుల్లెట్ ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. .30-06 బుల్లెట్ అడ్డు లేకపోతే మూడు నాలుగు కిలోమీటర్లు పోగలదు, ఎల్.జి. గుండు కూడా ఆరేడు వందల మీటర్లు పోతుంది. బోరు మోటార్ దగ్గర పడుకున్నవాళ్లు, తండా ఇళ్లు ఆ దూరంలోనే ఉంటాయి. మంచె మీదినుంచి కాల్చమనేది అందుకే. మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి 30 మీటర్ల దూరంలోని పందిని కాలిస్తే, దాటిపోయిన బుల్లెట్ మూడు నాలుగు మీటర్ల లోపే మట్టిలో దిగుతుంది. అదే మంచె నుంచి వంద మీటర్లు కాలిస్తే కోణం రెండు డిగ్రీలే, బుల్లెట్ మట్టిలో దిగకుండా జారి లేచిపోవచ్చు, తడి నేలయినా అంతే. పగలే వచ్చి మంచె ముందు ఎటువైపు బండలున్నాయి, ఎటు బాట ఉంది, ఎటు ఒర్రె గట్టు అడ్డంగా ఉంది చూసుకుని, కాల్చగల దిక్కుకు రెండు కట్టెలు పాతుకోండి. ఆ కట్టెల మధ్య తప్ప తుపాకీ తిప్పకూడదు.

రాత్రి టార్చి వెలుగులో కళ్లు తళతళ మెరిస్తే అది పంది కాదు. దుప్పి, కుక్క, పశువు కళ్లలో వెలుతురును వెనక్కి కొట్టే పొర ఉంటుంది, పందికి లేదు. ఇది మంచి గుర్తే, కానీ తిరగేసి వాడకూడదు. మనిషి కళ్లలోనూ ఆ పొర లేదు. మెరవలేదు కనుక పంది అనుకుంటే గొంగడి కప్పుకుని వంగి కూర్చున్న మనిషిని కాల్చినవాళ్లమవుతాం. తల, ముట్టె, నాలుగు కాళ్లు స్పష్టంగా కనపడేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి.

ఎంచుకున్న తూటాతోనే రైఫిల్ గురి సరిచేయాలి. ఇసుక సంచుల మీద ఆనించి ముందు 50 మీటర్ల దగ్గర మూడు గుళ్లు, తర్వాత వంద దగ్గర మూడు. నాళం చల్లారనిచ్చి మళ్లీ మూడు. వంద దగ్గర మూడూ అరచేతిలో పట్టేంత దగ్గరగా పడితే చాలు, పంది పని అంతకన్నా అడగదు. పెట్టె మీది లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు, రాసిపెట్టుకోండి. లాట్ మారితే గురి రెండు మూడు అంగుళాలు జరగవచ్చు, ఒకే రాత్రికి రెండు లాట్లు కలిపి తీసుకుపోవద్దు. తూటాలను బీరువాలో పొడిగా ఉంచండి. తోలు పట్టీలో నెలల తరబడి వదిలేస్తే ఇత్తడి మీద పచ్చని చిలుము పడుతుంది. అలాంటిదీ, సొట్ట పడినదీ, బుల్లెట్ కదులుతున్నదీ కాల్చకండి. కాగితపు డొల్ల వానాకాలం ఉబ్బి చాంబర్‌లో ఇరుక్కుంటుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే బోల్టు తెరవొద్దు. మూతి మట్టి గట్టు వైపే ఉంచి నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

కాల్చాక పంది పొదలోకి పోతే అరగంట కదలకండి. తర్వాత నిలబడ్డ చోటుకు పోయి నేల చూడండి. నురగతో కూడిన లేత ఎరుపు రక్తం ఊపిరితిత్తులది, పంది దగ్గర్లోనే ఉంటుంది. చిక్కటి ముదురు రక్తం కాలేయానిది, ఇంకో గంట ఆగాలి. మక్క పిప్పి, పచ్చటి నీరు కలిసి ఉంటే పొట్టకు తగిలింది. ఆ రాత్రి వెంటపడకుండా వెంటనే బీట్ ఆఫీసరుకు చెప్పి, తెల్లారాక సిబ్బందితో కలిసి వెతకండి. రాత్రి పొదలో గాయపడ్డ మొగపందికి ఎదురుపడితే తొడ చీలుతుంది.

పంచనామా అయ్యాక, సిబ్బంది సరేనంటే, ఒంట్లో ఆగిన బుల్లెట్ తీసి చూడండి. తరచుగా అవతలి వైపు చర్మం కింద చేతికి తగులుతుంది. కడిగి కంసాలి త్రాసు మీద తూచండి. 15.8 గ్రాముల .315 బుల్లెట్ 11 గ్రాములకు పైగా మిగిలి, ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఆ లాట్‌నే కొనసాగించండి. ఏడెనిమిది గ్రాములే మిగిలి తొడుగు, సీసం విడిపోయి ఉంటే దూరం మరీ దగ్గరైనా అయి ఉండాలి, బుల్లెట్ మెత్తనిదైనా అయి ఉండాలి. ముక్కు చెక్కుచెదరకుండా ఉంటే దూరం ఎక్కువైందని అర్థం. ఆ బరువును, కాల్చిన దూరాన్ని, లాట్ నంబరు పక్కనే రాసుకోండి. వచ్చే యాసంగికి తూటాలు కొనేటప్పుడు దుకాణదారు మాటకన్నా ఆ పుస్తకమే పనికొస్తుంది.